ఎముకలు, కీళ్ళ జన్యు వ్యాధులు

ఎముకలు, మృదులాస్థి, కీళ్ళు ఏర్పడటానికి, ఎదగటానికి అవసరమైన జన్యువులలో కలిగే ఉత్పరివర్తనాల వలన వచ్చే వ్యాధులను ఎముకలు, కీళ్ళ జన్యు వ్యాధులు అంటారు. వీటిలో ఎముక ఆకృతి, పరిమాణం తేడాగా ఉండే వ్యాధులను అస్థి దుర్వికాసాలు అని కూడా పిలుస్తారు. కొన్ని పుట్టుకతోనే కనిపిస్తాయి. మరికొన్ని పిల్లలు నడక నేర్చిన తరువాత, బడికి వెళ్ళే వయసులో బయటపడతాయి. 2023లో సవరించిన అంతర్జాతీయ వర్గీకరణలో ఇటువంటి వ్యాధులు 771 ఉన్నాయి. వీటికి కారణమైన జన్యువులు 552 వరకు గుర్తించబడ్డాయి.

విడివిడిగా చూస్తే ఈ వ్యాధులన్నీ అరుదైనవే. కానీ అన్నిటినీ కలిపి చూస్తే ప్రతి జిల్లాలోనూ వీటితో బాధపడే కుటుంబాలు ఉంటాయి. ఇవి తరచుగా కీళ్ళవాతం, రికెట్స్, ఫ్లోరోసిస్ వంటి వ్యాధులుగా పొరపాటున భావించబడతాయి. సరైన పేరు తెలిస్తే రెండు ప్రయోజనాలు ఉన్నాయి: రోగికి అక్కరలేని మందులు తప్పుతాయి, ఆ కుటుంబంలో పుట్టబోయే బిడ్డకు ఎంత ప్రమాదం ఉన్నదో లెక్కగట్టి చెప్పవచ్చు.

ఎముకలు, కీళ్ళు ఏర్పడే విధానం

వయోజనుల శరీరంలో సాధారణంగా 206 ఎముకలు ఉంటాయి. గర్భస్థ శిశువులో ఇవి రెండు విధాలుగా ఏర్పడతాయి. పుర్రె పైభాగంలోని పలకలు పొర వంటి కణజాలం నుండి నేరుగా ఎముకగా మారతాయి. చేతులు, కాళ్ళు, వెన్నుపూసలలోని ఎముకలు మాత్రం ముందుగా మృదులాస్థి నమూనాగా తయారై, తరువాత క్రమంగా ఎముకగా మారతాయి. ఇల్లు కట్టేవారు ముందుగా చెక్క చట్రం బిగించి అందులో కాంక్రీటు పోసినట్లు, ఇక్కడ మృదులాస్థి చట్రంగా పనిచేస్తుంది.

బిడ్డ పుట్టిన తరువాత పొడవాటి ఎముకల చివరల దగ్గర మృదులాస్థితో కూడిన ఒక సన్నని పొర మిగిలి ఉంటుంది. దీనిని ఎదుగుదల పలక అంటారు. ఇందులోని కణాలు మొదట విభజన చెందుతాయి, నిట్టనిలువు వరుసలుగా పేరుకుంటాయి, ఉబ్బుతాయి, చివరకు ఆ స్థానంలో ఎముక చేరుతుంది. మనిషి ఎత్తు పెరగటం అంతా ఈ పలకలలో జరిగే పనే. యౌవనం ముగిసేనాటికి ఈ పలకలు పూడిపోయి ఎదుగుదల ఆగుతుంది.

కీళ్ళు ఏర్పడే తీరు కొంత భిన్నమైనది. పిండం చేతిలో, కాలిలో మొదట మృదులాస్థి కడ్డీ ఒకటే ఉంటుంది. కీలు రావలసిన చోట కణాలు మృదులాస్థిగా మారటం మానివేసి, చదునుగా దగ్గరగా చేరతాయి. తరువాత అక్కడ చీలిక ఏర్పడి, నునుపైన మృదులాస్థి, జిగురు ద్రవం, చుట్టూ సంచి వంటి పొర తయారవుతాయి. గర్భంలో శిశువు కదలికలు కూడా కీలు సరిగా విడివడటానికి అవసరం.

ఎముక ఒకసారి తయారై నిలిచిపోయే వస్తువు కాదు. ఎముకను కట్టే కణాలను ఆస్టియోబ్లాస్టులు అని, పాత ఎముకను కరిగించే కణాలను ఆస్టియోక్లాస్టులు అని అంటారు. ఈ రెండింటి పని సమతూకంలో ఉంటేనే ఎముక గట్టిగా ఉంటుంది. ఈ దశలన్నిటినీ నడిపించేవి జన్యువులు. ఎక్కడ కీలు రావాలి, ఏ కణం ఎప్పుడు విభజన ఆపాలి, కొల్లాజెన్ పోగులు ఎలా పేనుకోవాలి అనే ప్రతి పనికీ వేరువేరు జన్యువులు బాధ్యత వహిస్తాయి.

ఉత్పరివర్తనం అంటే ఏమిటి

జన్యువు అనేది డి.ఎన్.ఏ. లో నాలుగు రకాల క్షారాలతో రాసిన ఒక ఆదేశం. ఈ ఆదేశాన్ని మూడేసి అక్షరాల చొప్పున చదివి కణం ఒక్కొక్క ఎమైనో ఆమ్లాన్ని కలుపుతూ ప్రోటీనును తయారుచేస్తుంది. మానవునిలో ప్రోటీనుల తయారీకి సంబంధించిన జన్యువులు సుమారు 20,000 ఉన్నాయి. ఆదేశంలోని అక్షరం మారటం, జారిపోవటం, అదనంగా చేరటం వంటి మార్పులను ఉత్పరివర్తనాలు అంటారు. అన్ని మార్పులూ హాని చేయవు. చాలా మార్పులు ఏ ప్రభావమూ లేకుండా తరతరాలుగా సాగిపోతాయి.

హాని చేసే ఉత్పరివర్తనాలు ముఖ్యంగా మూడు విధాలుగా పనిచేస్తాయి.

* ప్రోటీను తయారుకాకపోవటం లేదా పనిచేయకపోవటం. ఉదాహరణకు మార్కియో వ్యాధిలో ఒక ఎంజైము లోపించి, మృదులాస్థిలో విరిగిపోవలసిన చక్కెర గొలుసులు పేరుకుపోతాయి.
* ప్రోటీను మితిమీరి పనిచేయటం. ఎకాండ్రోప్లేసియాలో ఎదుగుదలను అదుపుచేసే ప్రోటీను ఎల్లప్పుడూ పనిచేస్తూనే ఉంటుంది.
* చెడిన ప్రోటీను మంచి ప్రోటీనును కూడా పాడుచేయటం. కొల్లాజెన్ మూడు పోగులను పేనిన తాడు వంటిది. ఒక పోగు చెడినా తాడు మొత్తం బలహీనమవుతుంది.

సంక్రమించే పద్ధతులు

ప్రతి వ్యక్తికీ తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి చొప్పున ప్రతి జన్యువుకూ రెండు ప్రతులు ఉంటాయి. లైంగిక క్రోమోజోములలోని జన్యువులు దీనికి మినహాయింపు.

బహిర్గత వ్యాధులు: రెండు ప్రతులలో ఒకటి చెడినా వ్యాధి వస్తుంది. వ్యాధి ఉన్న తల్లి లేదా తండ్రి నుండి ప్రతి కాన్పులోనూ బిడ్డకు సంక్రమించే అవకాశం 50 శాతం. అయితే తల్లిదండ్రులు ఇద్దరూ ఆరోగ్యవంతులైనా, అండంలో గాని వీర్యకణంలో గాని కొత్తగా ఉత్పరివర్తనం కలిగి బిడ్డకు వ్యాధి రావచ్చు.

అంతర్గత వ్యాధులు: రెండు ప్రతులూ చెడితేనే వ్యాధి వస్తుంది. ఒక ప్రతి మాత్రమే చెడినవారిని వాహకులు అంటారు. వీరికి ఏ బాధా ఉండదు, తాము వాహకులమని తెలియదు కూడా. భార్యాభర్తలిద్దరూ ఒకే జన్యువుకు వాహకులైతే ప్రతి కాన్పులోనూ బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం 25 శాతం, బిడ్డ వాహకుడయ్యే అవకాశం 50 శాతం, ఏ చెడు ప్రతీ అందకపోయే అవకాశం 25 శాతం. మొదటి బిడ్డకు వ్యాధి వచ్చినంత మాత్రాన తరువాతి ముగ్గురూ క్షేమంగా పుడతారని అర్థం కాదు. లెక్క ప్రతిసారీ కొత్తగా మొదలవుతుంది.

ఎక్స్-సంబంధిత వ్యాధులు: జన్యువు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటుంది. తండ్రికి వ్యాధి ఉంటే చెడిన జన్యువు కుమార్తెలందరికీ చేరుతుంది, కుమారులకు చేరదు.

ముఖ్యమైన కొన్ని వ్యాధులు

* ఎకాండ్రోప్లేసియా: మరుగుజ్జుతనానికి అత్యంత సాధారణమైన జన్యు కారణం. 4వ క్రోమోజోము మీది ఎఫ్.జి.ఎఫ్.ఆర్.3 జన్యువులో ఉత్పరివర్తనం వలన వస్తుందని 1994లో కనుగొన్నారు. దాదాపు రోగులందరిలోనూ 380వ ఎమైనో ఆమ్లమైన గ్లైసీన్ స్థానంలో ఆర్జినిన్ చేరి ఉంటుంది. సుమారు 80 శాతం మందిలో ఇది కొత్తగా కలిగిన ఉత్పరివర్తనమే. తండ్రి వయసు పెరిగినకొద్దీ దీని అవకాశం కొంత పెరుగుతుంది.
* ఆస్టియోజెనెసిస్ ఇంపర్‌ఫెక్టా: పెళుసు ఎముకల వ్యాధి. ఎక్కువమందిలో మొదటి రకం కొల్లాజెన్‌కు సంబంధించిన రెండు జన్యువులలో ఒకటి చెడుతుంది. ఈ ప్రోటీనులో ప్రతి మూడవ స్థానంలోనూ గ్లైసీన్ ఉండాలి. అది మారితే తాడు పేనుకోదు. చిన్న దెబ్బకే ఎముకలు విరుగుతాయి. కొందరిలో కంటి తెల్లగుడ్డు నీలిరంగులో కనిపిస్తుంది, పెద్దయ్యాక వినికిడి తగ్గుతుంది.
* క్లైడోక్రేనియల్ డిస్‌ప్లేసియా: రన్‌ఎక్స్2 జన్యువు లోపం. మెడ కింది జత్రుకలు సగం గాని పూర్తిగా గాని ఏర్పడవు. భుజాలు రెండూ ముందుకు తెచ్చి కలపగలుగుతారు. మాడు పూడటం ఆలస్యమవుతుంది.
* వేళ్ళు పొట్టిగా ఉండే వ్యాధులు: జి.డి.ఎఫ్.5 జన్యువు కీలు ఎక్కడ రావాలో నిర్ణయించే సంకేతాలలో ఒకటి. ఇది చెడితే వేళ్ళ ఎముకలు పొట్టిగా మారతాయి, కొన్ని కీళ్ళు సరిగా ఏర్పడవు.
* ఆస్టియోపెట్రోసిస్: పాత ఎముకను కరిగించే కణాలు పనిచేయవు. ఎముక రాయిలా గట్టిపడి, లోపలి మజ్జకు చోటు మిగలదు. తీవ్రమైన రకంలో శైశవంలోనే రక్తహీనత, చూపు తగ్గటం వంటివి వస్తాయి.
* ఎక్స్-సంబంధిత రికెట్స్: పెక్స్ జన్యువు లోపం వలన మూత్రంలో ఫాస్ఫేటు పోతుంది. కాళ్ళు వంగుతాయి. మామూలు రికెట్స్ అనుకొని విటమిన్ డి మాత్రమే ఇస్తే తగ్గదు.
* మార్కియో వ్యాధి: ఎక్కువమందిలో 16వ క్రోమోజోము మీది గాల్న్స్ జన్యువు లోపం కనిపిస్తుంది. పొట్టితనం, ముందుకు పొడుచుకొచ్చిన ఛాతీ, మెడ వెన్నుపూసల బలహీనత ఉంటాయి. తెలివితేటలు మామూలుగానే ఉంటాయి.
* సికిల్ సెల్ వ్యాధి: ఇది రక్తానికి సంబంధించిన జన్యు వ్యాధి అయినా ఎముకలను దెబ్బతీస్తుంది. పసిపిల్లలలో చేతివేళ్ళు, కాలివేళ్ళు వాచి నొప్పి పెడతాయి. పెద్దవారిలో తొడ ఎముక తలకు రక్తం అందక అది చచ్చుబడుతుంది. నిజామాబాదుకు ఉత్తరాన ఉన్న ఆదిలాబాదు ప్రాంతపు గోండు, కొలాం తెగలలో ఈ జన్యువు కనిపిస్తుంది.

కీళ్ళవాతాన్ని పోలిన జన్యు వ్యాధి

భారతదేశంలో విస్తృతంగా పరిశోధించబడిన కీళ్ళ జన్యు వ్యాధులలో ప్రోగ్రెసివ్ సూడోరుమటాయిడ్ డిస్‌ప్లేసియా ఒకటి. ఈ పేరుకు "కీళ్ళవాతంలా కనిపిస్తూ క్రమంగా ముదిరే దుర్వికాసం" అని అర్థం చెప్పుకోవచ్చు. ఇది అంతర్గత వ్యాధి. 6వ క్రోమోజోము మీద ఉన్న సి.సి.ఎన్.6 జన్యువులోని ఉత్పరివర్తనాలు దీనికి కారణమని 1999లో తెలిసింది. ఈ జన్యువు పాత పేరు విస్ప్3.

లక్షణాలు

పుట్టినప్పుడు బిడ్డలో ఏ లోపమూ కనిపించదు. నడక, మాట సకాలంలోనే వస్తాయి. సాధారణంగా 3 నుండి 8 ఏళ్ళ మధ్య చేతివేళ్ళ కణుపులు లావెక్కటం, వేళ్ళు పూర్తిగా చాచలేకపోవటం మొదలవుతుంది. క్రమంగా మోచేతులు, మోకాళ్ళు, తుంటి కీళ్ళు బిగుసుకుపోతాయి. పిల్లవాడు త్వరగా అలసిపోతాడు, నడక మారుతుంది, నేలమీద బాసింపట్టు వేసి కూర్చోలేడు. పలక పట్టటం, బలపంతో రాయటం కష్టమవుతుంది. వెన్నుపూసలు చదునుగా మారటం వలన నడుము పొట్టిగా ఉంటుంది, గూని రావచ్చు. యౌవనం దాటేసరికి తుంటి కీళ్ళు బాగా అరిగిపోతాయి. బుద్ధికి, ఆయుష్షుకు సాధారణంగా ఏ లోటూ ఉండదు.

కీళ్ళవాతంతో పోలిక, తేడా

పిల్లలలో వచ్చే కీళ్ళవాతంలో శరీర రక్షణ వ్యవస్థ కీలు పొరపై దాడి చేసి వాపు కలిగిస్తుంది. ఈ జన్యు వ్యాధిలో అటువంటి దాడి లేదు. లావుగా కనిపించేది వాపు కాదు, ఎముక చివరలే వెడల్పుగా పెరుగుతాయి. అందువలన కీలు వేడిగా, ఎర్రగా ఉండదు. ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. వంటి రక్తపరీక్షలు సాధారణంగా మామూలుగానే ఉంటాయి. రుమటాయిడ్ ఫ్యాక్టర్ ఉండదు. ఎక్స్‌రేలో వేళ్ళ ఎముకల చివరలు వెడల్పుగా, వెన్నుపూసలు చదునుగా కనిపిస్తాయి. కేవలం చేతి ఎక్స్‌రేతో ఆగకుండా వెన్నెముక ఎక్స్‌రే కూడా తీస్తే ఈ తేడా స్పష్టమవుతుంది.

ఈ తేడా గుర్తించకపోతే నష్టం చిన్నది కాదు. స్టెరాయిడ్లు, మిథోట్రెక్సేట్ వంటి మందులు ఏళ్ళ తరబడి వాడవలసి వస్తుంది. వాటి వలన ఈ వ్యాధికి మేలు జరగదు. పైగా స్టెరాయిడ్లు ఎదుగుదలను తగ్గిస్తాయి, ఎముకను పలుచన చేస్తాయి.

భారతదేశంలో పరిశోధన

హైదరాబాదులోని సి.డి.ఎఫ్.డి. (డి.ఎన్.ఏ. వేలిముద్రల, రోగనిర్ధారణ కేంద్రం), మణిపాల్‌లోని కస్తూర్బా వైద్య కళాశాల, మరికొన్ని సంస్థల పరిశోధకులు కలిసి ఈ వ్యాధి మీద చేసిన అధ్యయనం 2012లో ప్రచురితమైంది. అశ్విన్ దలాల్, కట్టా గిరీశ తదితరులు ఇందులో పాల్గొన్నారు. పరస్పర సంబంధం లేని 25 కుటుంబాలకు చెందిన 35 మంది రోగులను పరీక్షించారు. అప్పటికి ప్రపంచంలో ఈ వ్యాధి మీద జరిగిన అధ్యయనాలలో ఇదే పెద్దది. చేతివేళ్ళ చిన్న కీళ్ళు లావెక్కటం, కీళ్ళు ముడుచుకుపోవటం రోగులలో ఎక్కువగా కనిపించిన తొలి లక్షణాలు.

ఈ అధ్యయనంలో రెండు ప్రతులలోనూ ఒకే విధంగా ఉన్న ఉత్పరివర్తనాలు 11 రకాలు బయటపడ్డాయి. వీటిలో ఒకటి 10 కుటుంబాలలో కనిపించింది. జన్యు ఆదేశంలో 1010వ అక్షరమైన గ్వానిన్ స్థానంలో ఎడినిన్ చేరటం వలన 337వ ఎమైనో ఆమ్లం సిస్టీన్‌కు బదులు టైరోసిన్ అవుతుంది. సిస్టీన్లు ఒకదానితో ఒకటి గంధకపు బంధంతో ముడిపడి ప్రోటీనుకు ఆకారాన్నిస్తాయి. ఒక ముడి ఊడితే ఆకారం నిలవదు. ఆ ప్రోటీను మృదులాస్థిని కాపాడలేకపోతుంది. ఒక్క అక్షరం మార్పు ఒక పిల్లవాని నడకను మార్చటం ఈ క్రమంలోనే జరుగుతుంది.

మేనరికం, స్థాపక ప్రభావం

అంతర్గత వ్యాధులకు, దగ్గరి సంబంధాల పెళ్ళిళ్ళకు ఉన్న సంబంధం తెలుగు ప్రాంతాలలో ప్రత్యేకంగా తెలుసుకోదగినది. మేనమామ కూతురిని లేదా మేనత్త కూతురిని చేసుకునే మేనరికం, అక్క కూతురిని చేసుకునే ఆచారం ఇక్కడ చాలా కులాలలో తరతరాలుగా ఉన్నాయి. ముస్లిం కుటుంబాలలో పెదతండ్రి, పినతండ్రి పిల్లల మధ్య పెళ్ళిళ్ళు కూడా జరుగుతాయి. 1955 నాటి హిందూ వివాహ చట్టం నిషిద్ధ సంబంధాల మధ్య పెళ్ళిళ్ళను ఆచారం ఉన్నచోట అనుమతిస్తుంది.

బంధువులకు ఉమ్మడి తాత, అవ్వలు ఉంటారు. ఆ పెద్దలలో ఒకరు వాహకులైతే, అదే చెడు ప్రతి మనవడికీ, మనవరాలికీ చేరి ఉండవచ్చు. మేనబావ, మేనమరదలు తమ జన్యువులలో సగటున ఎనిమిదో వంతు ఉమ్మడిగా కలిగి ఉంటారు. మేనమామ, మేనకోడలు నాలుగో వంతు కలిగి ఉంటారు.

ఒక లెక్క ద్వారా దీనిని అర్థం చేసుకోవచ్చు. ఒక సమాజంలో ఏదో ఒక వ్యాధికి 100 మందిలో ఒకరు వాహకులు అనుకుందాం.

* బంధుత్వం లేనివారి పెళ్ళి: బిడ్డకు వ్యాధి వచ్చే అవకాశం సుమారు 40,000లో ఒకటి.
* మేనరికం: సుమారు 3,000లో ఒకటి.
* మేనమామ, మేనకోడలు: సుమారు 1,550లో ఒకటి.

వ్యాధి ఎంత అరుదైనదైతే ఈ తేడా అంత ఎక్కువగా ఉంటుంది. అందుచేతనే అరుదైన అంతర్గత వ్యాధులు దగ్గరి సంబంధాలున్న కుటుంబాలలో తరచుగా బయటపడతాయి. అయినా మేనరికం చేసుకున్న దంపతులలో అధిక సంఖ్యాకుల పిల్లలు ఆరోగ్యంగానే పుడతారన్నది కూడా ఇదే లెక్క చెప్పే విషయం.

ఇక్కడ వరసకు, జన్యువుకు మధ్య ఒక తేడా ఉంది. తెలుగువారిలో మేనమామ పిల్లలు పెళ్ళి వరస, పినతల్లి పిల్లలు అన్నాచెల్లెళ్ళ వరస. జన్యుపరంగా మాత్రం ఇద్దరూ సమాన దూరంలోనే ఉంటారు. ఫ్రెంచి చిత్రకారుడు తులూజ్-లోత్రెక్ తల్లిదండ్రులు అక్కాచెల్లెళ్ళ పిల్లలు. ఆయన పొట్టితనానికి, చిన్నతనంలో రెండు తొడ ఎముకలూ విరగటానికి పిక్నోడిసోస్టోసిస్ అనే అంతర్గత ఎముకల వ్యాధి కారణం కావచ్చునని 1960లలో ఫ్రెంచి వైద్యులు ప్రతిపాదించారు. అలాగే మేనమామ కూతురి గోత్రం వేరే ఉంటుంది. గోత్రం తండ్రి వైపు నుండి మాత్రమే లెక్కించబడుతుంది, జన్యువులు రెండు వైపుల నుండీ వస్తాయి. కనుక గోత్రం వేరైనంత మాత్రాన జన్యువులు వేరు కావు.

బంధుత్వం లేని దంపతులకు కూడా ఒక కారణంగా ఇటువంటి వ్యాధులు రావచ్చు. ఒక కులం లేదా తెగ కొద్దిమంది పూర్వీకుల నుండి విస్తరించి, శతాబ్దాలుగా తమలో తామే పెళ్ళిళ్ళు చేసుకుంటే, ఆ పూర్వీకులలోని చెడు ప్రతి ఆ సమూహమంతటా వ్యాపిస్తుంది. దీనిని స్థాపక ప్రభావం అంటారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్త కుమారసామి తంగరాజ్ తదితరులు 2017లో ప్రచురించిన అధ్యయనంలో దక్షిణాసియాలోని 260కి పైగా సమూహాలను పరిశీలించారు. వీటిలో 81 సమూహాలలో స్థాపక ప్రభావం ఫిన్లాండు ప్రజలలో కంటే, అష్కెనజీ యూదులలో కంటే బలంగా ఉన్నదని తేలింది. పైన చెప్పిన కీళ్ళ వ్యాధిని కూడా ఆ అధ్యయనం ఒక ఉదాహరణగా పరిశీలించింది.

జన్యువులు కాని కారణాలు

వంగిన కాళ్ళు, బిగిసిన కీళ్ళు అన్నీ జన్యు వ్యాధులు కావు. విటమిన్ డి లోపం, క్షయ, దెబ్బలు, నీటిలోని ఫ్లోరైడు కూడా ఇటువంటి లక్షణాలను కలిగిస్తాయి. భారతదేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ను మొదట 1937లో అప్పటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో వర్ణించారు. తరువాత నల్గొండ జిల్లా దీనికి ప్రసిద్ధమైంది. త్రాగునీటిలో ఫ్లోరైడు లీటరుకు 1 మిల్లీగ్రాము మించరాదని, వేరే నీరు దొరకని చోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చునని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. ఫ్లోరోసిస్ ఊరిలో ఒకే నీరు త్రాగే అనేక కుటుంబాలలో కనిపిస్తుంది. జన్యు వ్యాధి ఒక కుటుంబపు శాఖలలో కనిపిస్తుంది. ఈ పరిశీలన రోగనిర్ధారణకు మొదటి మెట్టు.

ఈ రెంటి మధ్య తేడా తేల్చటం ఎంత కష్టమో కర్ణాటకలోని హందిగోడు వ్యాధి తెలుపుతుంది. శివమొగ్గ జిల్లా సాగర తాలూకాలోని హందిగోడు గ్రామంలో 1970లలో తుంటి, మోకాలి కీళ్ళు అరిగిపోయే వ్యాధి వెలుగులోకి వచ్చింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు దీనిని పరిశోధించారు. వరిపొలాలలో వాడే పురుగుమందులు కారణమన్న అనుమానం కూడా ఉండేది. వంశవృక్షాలను పరిశీలించిన తరువాతి అధ్యయనాలు ఇది బహిర్గత లక్షణంగా సంక్రమించే అస్థి దుర్వికాసమని తేల్చాయి.

నిజామాబాదు, బోధన్ ప్రాంతం

మంజీరా నదిపై 1923-1931 మధ్య నిర్మించిన నిజాం సాగర్, 1937లో బోధన్ వద్ద శక్కర్‌నగర్‌లో స్థాపించిన నిజాం చక్కెర కర్మాగారం ఈ ప్రాంతానికి చెరకు సాగును, దానితోపాటు అనేక ప్రాంతాల జనాన్ని తెచ్చాయి. కోస్తా జిల్లాల నుండి వచ్చిన రైతులు స్థిరపడిన ఊళ్ళను ఇప్పటికీ క్యాంపులు అని పిలుస్తారు. కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడింది. ఒకే కాలువ నీటితో సేద్యం చేసినా ఈ సమూహాల పెళ్ళి సంబంధాలు ఎక్కువగా తమ తమ బంధువర్గాలలోనే సాగాయి. జన్యుశాస్త్ర దృష్టిలో ఊరు ఒకటే అయినా వంశాలు వేరు. కనుక ఇటువంటి ప్రాంతంలో రోగి ఊరి పేరుతో పాటు తల్లిదండ్రుల బంధుత్వం, మూడు తరాల వంశవృక్షం అడిగి రాసుకోవటం అవసరం.

చెరకు నరకటం, నాట్లు వేయటం, మూటలు ఎత్తటం వంటి పనులకు వంగే నడుము, మడతపడే మోకాళ్ళు కావాలి. కీళ్ళు బిగిసిన వ్యక్తికి ఈ పనులు సాధ్యం కావు. కనుక వ్యాధిని బాల్యంలోనే గుర్తించి, చదువు, కూర్చొని చేయగల వృత్తి వైపు నడిపించటం కూడా వైద్యంలో భాగమే.

నిజామాబాదులో 2013లో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాలకు అనుబంధంగా ప్రభుత్వ సాధారణ ఆసుపత్రి ఉంది. అదే సంవత్సరం దేశవ్యాప్తంగా మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం క్రింద అంగన్‌వాడీలు, ప్రభుత్వ బడులలో 18 ఏళ్ళలోపు పిల్లలను పరీక్షిస్తారు. జన్యు పరీక్షలకు, సలహాకు హైదరాబాదులోని నిమ్స్ జన్యు వైద్య విభాగం, సి.డి.ఎఫ్.డి., బేగంపేటలోని ఉస్మానియా విశ్వవిద్యాలయపు జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉన్నాయి.

రోగనిర్ధారణ

* వంశవృక్షం: తల్లిదండ్రుల బంధుత్వం, ఇటువంటి లక్షణాలున్న బంధువులు, చిన్ననాట పోయిన పిల్లల వివరాలు.
* కొలతలు: ఎత్తు, కూర్చున్నప్పటి ఎత్తు, చేతులు చాచిన వెడల్పు, తల చుట్టుకొలత. వీటి నిష్పత్తి చూసి నడుము పొట్టిదా, కాళ్ళు పొట్టివా తేలుస్తారు.
* ఎక్స్‌రేలు: పుర్రె, వెన్నెముక, తుంటి, మోకాళ్ళు, చేతులు అన్నిటినీ కలిపి చూస్తే వ్యాధి రకం చాలావరకు తెలుస్తుంది.
* రక్త, మూత్ర పరీక్షలు: కాల్షియం, ఫాస్ఫేటు, ఆల్కలైన్ ఫాస్ఫటేజు, ఎంజైముల పరిమాణం.
* జన్యు పరీక్ష: అనుమానం ఒక జన్యువు మీదనే ఉంటే దానిని మాత్రమే చదువుతారు. లేకపోతే అనేక జన్యువులను ఒకేసారి చదివే పద్ధతిని అనుసరిస్తారు.

చికిత్స

ఈ వ్యాధులలో అధిక భాగానికి మూలం నుండి నయం చేసే మందు లేదు. అయితే చేయగలిగినది చాలా ఉంది. వ్యాయామ చికిత్స కీళ్ళు ముడుచుకుపోకుండా కాపాడుతుంది. పెళుసు ఎముకల వ్యాధిలో బిస్‌ఫాస్ఫొనేట్ మందులు ఎముక సాంద్రతను పెంచుతాయి. ఎముక లోపల కడ్డీలు అమర్చే శస్త్రచికిత్స కూడా చేస్తారు. అరిగిపోయిన తుంటి కీలును కృత్రిమ కీలుతో మార్చవచ్చు. తీవ్రమైన ఆస్టియోపెట్రోసిస్‌లో కొన్ని రకాలకు మజ్జ మార్పిడి పనిచేస్తుంది.

కొన్ని వ్యాధులకు కారణాన్ని బట్టి తయారుచేసిన మందులు వచ్చాయి. మార్కియో వ్యాధికి లోపించిన ఎంజైమును ఇచ్చే ఎలోసల్ఫేజ్ ఆల్ఫా 2014లో, ఎక్స్-సంబంధిత రికెట్స్‌కు బ్యూరోసుమాబ్ 2018లో, ఎకాండ్రోప్లేసియాకు వోసోరిటైడ్ 2021లో అమెరికా, ఐరోపాలలో ఆమోదం పొందాయి. ఇవి చాలా ఖరీదైనవి. భారత ప్రభుత్వం 2021లో ప్రకటించిన జాతీయ అరుదైన వ్యాధుల విధానం క్రింద జాబితాలోని వ్యాధులకు 50 లక్షల రూపాయల వరకు సహాయం లభించే ఏర్పాటు 2022లో జరిగింది. ఆస్టియోపెట్రోసిస్, మార్కియో వ్యాధి ఈ జాబితాలో ఉన్నాయి. తెలుగు రాష్ట్రాలలో నిమ్స్, సి.డి.ఎఫ్.డి. కలిసి ఈ విధానం క్రింద ఒక ప్రత్యేక కేంద్రంగా గుర్తింపు పొందాయి.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాలలో మరుగుజ్జుతనం, చలన వైకల్యం, సికిల్ సెల్ వ్యాధి ఉన్నాయి. వయోజనుల ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు లేదా అంతకు తక్కువ ఉంటే మరుగుజ్జుతనంగా పరిగణిస్తారు.

జన్యు సలహా

కుటుంబంలో ఒక బిడ్డకు వ్యాధి ఉంటే తరువాతి గర్భానికి ముందే సలహా తీసుకోవటం ఉత్తమం. ముందుగా ఆ బిడ్డలోని ఉత్పరివర్తనం ఏదో తెలియాలి. అది తెలిస్తే గర్భం 11 నుండి 13 వారాల మధ్య మావి నుండి చిన్న ముక్క తీసి, లేదా 16వ వారం తరువాత ఉమ్మనీరు తీసి పరీక్షించవచ్చు. గర్భస్థ శిశువు లింగాన్ని తెలపటం 1994 నాటి చట్టం ప్రకారం నేరం. జన్యు వ్యాధుల పరీక్షను మాత్రం అదే చట్టం నిబంధనలతో అనుమతిస్తుంది. 2021లో సవరించిన గర్భస్రావ చట్టం ప్రకారం, శిశువులో తీవ్రమైన లోపం ఉన్నదని వైద్య మండలి నిర్ధారిస్తే 24 వారాల తరువాత కూడా గర్భస్రావానికి అనుమతి ఉంటుంది. నిర్ణయం దంపతులదే. సలహాదారు పని వివరించటం వరకే.

ఎకాండ్రోప్లేసియా వంటి కొత్త ఉత్పరివర్తనం వలన వచ్చిన వ్యాధి అయితే తల్లిదండ్రులకు తరువాతి బిడ్డ విషయంలో ప్రమాదం చాలా తక్కువ. ఈ ఒక్క మాట తెలియక ఎందరో దంపతులు రెండవ బిడ్డను వద్దనుకుంటారు.

ప్రచారంలో ఉన్న అపోహలు

* "రక్తం గ్రూపులు కలిస్తే, లేదా కలవకపోతే, మేనరికంలో ఇబ్బంది లేదు": రక్తం గ్రూపుకు, ఎముకల వ్యాధుల జన్యువులకు సంబంధం లేదు. గ్రూపు పరీక్ష వాహకులను గుర్తించదు.
* "తల్లి వైపు దోషం": అంతర్గత వ్యాధిలో చెడు ప్రతి తల్లి నుండి ఒకటి, తండ్రి నుండి ఒకటి వస్తుంది. ఇద్దరి వాటా సమానం.
* "గ్రహణం వలన అవయవలోపం వస్తుంది": గ్రహణ సమయంలో గర్భిణి చేసిన పనులకు, ఉత్పరివర్తనాలకు సంబంధం లేదు.
* "బిడ్డను సరిగా ఎత్తుకోకపోవటం వలన ఎముక విరిగింది": పెళుసు ఎముకల వ్యాధిలో బట్టలు మార్చేటప్పుడు కూడా ఎముక విరగవచ్చు. ఇందులో తల్లి తప్పు లేదు.
* "మా వంశంలో ఎవరికీ లేదు, కనుక ఇది వంశపారంపర్యం కాదు": అంతర్గత వ్యాధి ఎన్నో తరాలు కనబడకుండా సాగి, ఇద్దరు వాహకులు కలిసినప్పుడు మాత్రమే బయటపడుతుంది.

ఇవి కూడా చూడండి

* జన్యుశాస్త్రం
* ఉత్పరివర్తనం
* మేనరికం
* మృదులాస్థి
* ఫ్లోరోసిస్
* సికిల్ సెల్ వ్యాధి
* నిజామాబాదు జిల్లా
* బోధన్